ఇంధన ట్యాంకూ సీట్లూ మార్చిన బోటును రేవులోనే పరీక్షించండి: తమిళనాడు మత్స్యశాఖకు బహిరంగ లేఖ

తమిళనాడు మత్స్యశాఖ అధికారులకు, చెన్నైలోని కాశిమేడు రేవు ఫైబర్ బోట్ల యజమానుల సంఘాల పెద్దలకు నమస్కారం.

నేను కాశిమేడు రేవులో ఫైబర్ బోట్లకు మరమ్మతులు చేసే మేస్త్రిని. మాది నెల్లూరు వైపు. ఇక్కడి బోట్ల మీద మా తెలుగువాళ్ళు చాలామంది పనిచేస్తారు. మా అన్న కొడుకు కూడా అలాంటి ఒక బోటులోనే వేటకు వెళ్తాడు. ఈ ఉత్తరాన్ని తమిళంలో కూడా రాయించి మీ ఆఫీసులో ఇస్తాను. ముందుగా తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో ఉన్న సంగతులు మా వాళ్ళకు తెలియాలి. ఆ సీట్ల మీద కూర్చుని, ఆ ట్యాంకు పక్కనే నడుం వాల్చి రాత్రంతా సముద్రంలో ఉండేది వాళ్ళే.

అడిగేది ఒక్కటే. చిన్న ఫైబర్ బోటులో ట్యాంకు పెద్దది చేసినా, దాని చోటు మార్చినా, సీట్లు తీసి వేరేవి బిగించినా, ఆ బోటు మళ్ళీ వేటకు వెళ్ళే ముందు రేవులోనే ఒకసారి పరీక్ష చేసే ఏర్పాటు పెట్టండి. ఫీజు వద్దు, జరిమానా వద్దు. ఒక్క పూటలో పని అయిపోవాలి. అలా అయితేనే జనం బోటు తెస్తారు.

ఈ మార్పులు ఎవరూ సరదాకు చేయించుకోరు. బోటు వెనక బయట తగిలించే చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్‌తో మామూలుగా వచ్చే విడి ట్యాంకు 24 లీటర్లది. పది హార్స్ పవర్ ఇంజన్‌ను పూర్తి వేగంతో నడిపితే గంటకు నాలుగైదు లీటర్లు తాగుతుంది. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు అన్నది సముద్రం మీద అందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్కన 24 లీటర్లతో రెండు గంటల దూరం కూడా పోలేం. ఒడ్డు దగ్గర చేప తగ్గింది, వల వెయ్యాలంటే లోపలికి పోవాల్సిందే. అందుకని క్యాన్లు పెడతారు. క్యాన్లు దొర్లుతున్నాయని పెద్ద ట్యాంకు చేయించుకుంటారు. ఇందులో యజమానిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ట్యాంకు పెద్దది కావడం న్యాయమే, అది ఎక్కడ పెడుతున్నారు, ఎలా పెడుతున్నారు అన్నదే నా బాధ.

మా తాతల కాలంలో వేట తెప్పల మీద. దుంగలు కట్టిన తెప్పలోకి నీళ్ళు వస్తాయి, పోతాయి. బోల్తా పడితే మళ్ళీ తిప్పుకుని ఎక్కేవాళ్ళు. 2004 సునామీ తరవాత ఈ తీరమంతా ఫైబర్ బోట్లు ఒక్కసారిగా పెరిగాయి. ఫైబర్ బోటు వేగంగా పోతుంది, ఎక్కువ సరుకు మోస్తుంది. కానీ లోపల అంతా డొల్ల. బరువు ఎక్కడుంది, పడిన నీళ్ళు ఎటు చేరతాయి, తేలించే ఫోమ్ ఎక్కడుంది అన్న వాటి మీదే దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది. తెప్ప మీద పనికొచ్చిన ధైర్యం ఇక్కడ పనికిరాదు.

అసలు విషయానికి వస్తాను. చాలా ఫైబర్ బోట్లలో అడ్డంగా ఉండే సీటుకు కూర్చోవడం కాక ఇంకో రెండు పనులున్నాయి. దాని కింద పెట్టెలా మూసేసి ఫోమ్ గానీ థర్మోకోల్ గానీ నింపుతారు. అల పడి బోటు నిండిపోయినా మునగకుండా పట్టి ఉంచేది ఆ పెట్టే. రెండు పక్క గోడలూ విచ్చుకోకుండా బిగించి ఉంచేది కూడా ఆ సీటే. ట్యాంకుకు చోటు వెతికేవాళ్ళ కన్ను మాత్రం ముందు దాని మీదే పడుతుంది. "మేస్త్రీ, ఆ సీటు కింద కోసేసి అరవై లీటర్ల ట్యాంకు దింపు, పైన మూత వెయ్యి" అంటారు. పెద్ద పనేమీ కాదు. పూర్తయ్యాక చూస్తే బోటు ముందుకన్నా శుభ్రంగా కనబడుతుంది, క్యాన్ల గొడవ ఉండదు, కాళ్ళు చాపుకోవడానికి చోటు వస్తుంది.

పోయింది ఏమిటంటే, అరవై లీటర్ల ఫోమ్ తీస్తే సుమారు అరవై కిలోల బరువును తేలించే శక్తి పోయింది. ట్యాంకు కూడా తేలుతుంది కదా అంటారు. ఖాళీ ట్యాంకు, మూత గట్టిగా ఉండి, బోటుకు కదలకుండా బిగించి ఉంటే నిజమే. నిండు ట్యాంకులో నలభై నాలుగు కిలోల పెట్రోలు ఉంటుంది. ట్యాంకు బరువు కూడా కలుపుకుంటే ఆ అరవై కిలోల్లో నాలుగో వంతు కూడా మిగలదు. రేవు దాటి వెళ్ళేటప్పుడు ట్యాంకు నిండుగానే ఉంటుందన్నది మరిచిపోకూడదు.

అంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. పెట్రోలుకు థర్మోకోల్ ఆగదు. ఆరుబయట, మంటకు దూరంగా, ఒక గ్లాసులో వేలెడు పెట్రోలు పోసి చిన్న థర్మోకోల్ ముక్క వేసి చూడండి. బుడగలు వస్తూ కళ్ళముందే కుంచించుకుపోయి అడుగున జిగురు ముద్ద అవుతుంది. ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒక బోటు సీటు కోసి చూస్తే లోపల సరిగ్గా ఇదే కనిపించింది. పలకలు ఉండాల్సిన చోట ఖాళీ, మూలల్లో వేలికి అంటుకునే గోధుమరంగు జిగురు. ట్యాంకు అడుగున పైపు బిగించిన చోట సన్నని కారుడు. చుక్కచుక్కగా ఎన్నాళ్ళు కారిందో ఏమో. పైనుంచి సీటు చెక్కుచెదరలేదు. పెట్రోలు వాసన ఏ బోటులోనైనా ఉండేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ బోటులో వెళ్ళేవాళ్ళు నిండితే తేలుతుందన్న నమ్మకంతోనే వెళ్తున్నారు. ఆ నమ్మకానికి లోపల ఏ ఆధారమూ మిగల్లేదు. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ సీటే. అలాంటివి రేవులో ఇంకా ఎన్ని ఉన్నాయో మూతలు తెరిచి చూస్తే గానీ తెలియదు.

ఇక ట్యాంకు ఆకారం. లీటర్లు ఎక్కువ పట్టాలని బోటు వెడల్పంతా ఆక్రమించే, ఎత్తు తక్కువ ట్యాంకు చేయిస్తున్నారు. నిండుగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. సగం ఖాళీ అయ్యాకే అసలు టెన్షన్. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి నడిస్తే చిన్న వంపుకే అంతా ఒక పక్కకు వచ్చి పడతాయి, అవే నీళ్ళు రెండు చెంబుల్లో పోస్తే నిలకడగా ఉంటాయి. బోటు ఎడమకు ఒరిగితే ఇంధనం ఎడమకు పరుగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. ఇలా ఒరిగించే చెడు, ట్యాంకు వెడల్పు ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే వెడల్పు రెట్టింపైతే చెడు ఎనిమిది రెట్లవుతుంది. అదే ట్యాంకు మధ్యలో, అణియం (బోటు ముందు కొన) నుంచి అమరం (వెనక కొన) వైపుగా, చిల్లులేని ఒక్క అడ్డుగోడ వేస్తే నాలుగో వంతుకు తగ్గిపోతుంది. రెండు గోడలు వేసి మూడు అరలు చేస్తే తొమ్మిదో వంతు. ఒక్క రేకు ముక్కతో అయ్యే పని ఇది. చిల్లులున్న అడ్డురేకు వేస్తే కుదుపు తగ్గుతుంది గానీ ఈ ఒరిగే గుణం పోదు. ఈ తేడా ట్యాంకులు చేసే చాలామంది వెల్డర్లకు ఎవరూ చెప్పలేదు.

చోటు సంగతి కూడా అంతే. ఇంజన్ అమరంలో, బోటు నడిపే సరంగు అమరంలో, ట్యాంకు కూడా అక్కడే పెడితే పైపు పొట్టిగా సరిపోతుందని పెట్టేస్తారు. నూరు లీటర్ల పెట్రోలు 74 కిలోలు, డీజిల్ అయితే 80 కిలోల పైనే. అమరం దిగబడి అణియం లేస్తుంది. ఇంజన్ తగిలించడానికి కోసిన గండి నీళ్ళకు దగ్గరవుతుంది. వెనక నుంచి వచ్చే అల నేరుగా లోపలికి వస్తుంది. ట్యాంకు నడిమధ్యన, అడుగుకు వీలైనంత దగ్గరగా ఉంటే ఇంధనం తగ్గుతున్నా బోటు వాలు మారదు. పొడవాటి కడ్డీ చివర పంకా ఉండే డీజిల్ లాంగ్‌టెయిల్ ఇంజన్ ఉన్న బోట్లకు నిప్పు భయం తక్కువ, బరువు భయం మాత్రం ఒకటే.

నిప్పు గురించి క్లుప్తంగా చెప్తాను, ఇది కొంతవరకు అందరికీ తెలుసు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, పలకల కింద అడుగున చేరి కూర్చుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం ఉన్నా అంటుకుంటుంది. విడి ట్యాంకు అయితే ఒడ్డున నేల మీద పెట్టి నింపుకోవచ్చు, అదే మంచిది కూడా. బోటులో బిగించేసిన ట్యాంకును బోటులోనే నింపాలి. కాబట్టి నింపే మూతా, గాలి పైపు కొనా బోటు బయటి వైపుకు ఉండాలి. పైపు ట్యాంకు అడుగు నుంచి కాకుండా పై నుంచి తీయాలి, ట్యాంకు దగ్గరే కట్టేసే వాల్వు ఉండాలి. బ్యాటరీ, స్టవ్వు ఆ అరలో ఉండకూడదు. చిన్న పడవల్లో బిగించే ఇంధన ఏర్పాట్లకు ఐఎస్ఓ 10088, మంటను తట్టుకునే పైపులకు ఐఎస్ఓ 7840 అని అంతర్జాతీయ ప్రమాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మా రేవులో వాడేది మాత్రం ఏ దుకాణంలో దొరికితే ఆ రబ్బరు పైపు.

ఆ పైపుల గురించి ఇప్పుడు మాట్లాడక తప్పదు. బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కార్లకు ఏమవుతుందో అని టీవీల్లో చర్చలు పెట్టారు. బోట్ల గురించి ఎవరూ అడగలేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ఉప్పుగాలిలో తిరిగే బోటుకు తేమ కొదవా? నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజన్ పీల్చేది కూడా అడుగు నుంచే. ఇంజన్ ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి. అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నవి బోటు అడుగునే గోడగా వాడుకుని మామూలు పాలియెస్టర్ రెజిన్‌తో (ఫైబర్‌ను అతికి గట్టిపరిచే జిగురుతో) కట్టేసిన ఫైబర్ ట్యాంకులు. అమెరికాలో 2000ల మధ్యలో పది శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చినప్పుడే పాత పడవల్లోని ఫైబర్ ట్యాంకుల రెజిన్ కరిగి ఇంజన్లలో మడ్డిలా పేరుకుంది. మనది దానికి రెట్టింపు. కొత్తగా అలాంటి ట్యాంకులు కట్టడం ఆపాలని నా తోటి ఫైబర్ మేస్త్రీలందరినీ ఈ ఉత్తరంలోనే వేడుకుంటున్నాను. విడిగా చేసిన మందపు ప్లాస్టిక్ ట్యాంకు గానీ, ఉప్పునీటికి తట్టుకునే అల్యూమినియంతో, అడుగున నీరు నిలవకుండా ఎత్తు దిమ్మెల మీద కూర్చోబెట్టిన ట్యాంకు గానీ వాడుదాం.

సీట్ల సంగతి. ఈమధ్య నగరం నుంచి గాలం వేసే సరదాతో వచ్చేవాళ్ళు పెరిగారు. వాళ్ళ కోసం అడ్డసీటు తీసేసి, స్తంభం మీద తిరిగే కుర్చీలు బిగించమంటున్నారు. కుర్చీ బోటు అంచుకన్నా ఎత్తులో ఉంటే దూరం బాగా కనబడుతుంది. ఐదుగురు కూర్చుంటే మూడొందల యాభై కిలోలు ఒక అడుగు పైకి లేచినట్టు. చేప తగలగానే అందరూ ఒకే పక్కకు లేచి నిలబడతారు. అడ్డసీటు లేకపోవడంతో గోడలు అలకు లోపలికీ బయటికీ ఊగుతాయి, కొన్నాళ్ళకు అంచు కింద వెంట్రుకవాసి పగుళ్ళు మొదలవుతాయి. కుర్చీ కోసం అడుగు పలకకు వేసిన బోల్టు చిల్లుల్లోంచి నీళ్ళు ఫోమ్‌లోకి దిగుతాయి. నీళ్ళు తాగిన ఫోమ్ తేలించదు, పైగా బరువు.

చేపల వేట బోటులో ప్రయాణికులను ఎక్కించకూడదన్నది నాకు తెలుసు, మీకూ తెలుసు. 2011 డిసెంబరు 25న పులికాట్‌లో ఏం జరిగిందో ఈ తీరంలో ఎవరూ మరవలేదు. పండగ రోజు సరదాగా చేపల పడవ ఎక్కిన వాళ్ళలో 22 మంది చనిపోయారు. ఒక్క పడవలో అంతమంది ఎక్కారు. ఆ తరవాత షికార్లు ఆపించారు. ఆపించడం అవసరమే. కానీ నిషేధం పెట్టినంత మాత్రాన బోటుకు బిగించిన కుర్చీ ఊడిపోదు. షికారు లేని రోజు అదే బోటు, అవే ఎత్తు కుర్చీలతో వేటకు పోతోంది. ఆ రోజు అందులో ఉండేది మా పిల్లలు.

మీరు ఇప్పుడు చూస్తున్నది కాగితం. పొడవు, వెడల్పు, లోతు, ఇంజన్ నంబరు, హార్స్ పవర్. అన్నీ సరిపోతాయి, ఎందుకంటే ట్యాంకూ సీట్లూ మార్చినా వాటిలో ఒక్క అంకె కూడా మారదు. రెండేళ్ళ కింద చూసిన బోటూ ఇప్పటి బోటూ కాగితం మీద ఒకటే, నీళ్ళలో వేరు.

పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మార్పు చేసే ముందు బోటును ప్రశాంతంగా ఉన్న రేవు నీళ్ళలో తాడు వదులుగా కట్టి, అంచు మీద ఒకసారి నొక్కి వదిలి, పది ఊపులకు ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూసుకోవాలి. మార్పు చేశాక అంతే బరువుతో మళ్ళీ చూడాలి. ఊపు గమనించేంత నెమ్మదిస్తే బోటు తిరిగి నిలబడే బలం తగ్గిందని అర్థం. రెండోది, ట్యాంకు సగం నింపి, మనుషులనూ ఇసుక సంచులనూ ఒక పక్కకు చేర్చి, అటువైపు అంచు నీళ్ళకు ఎంత ఎత్తున మిగిలిందో టేపుతో కొలవాలి. మూడోది సీటు కింద ఫోమ్. ప్రతి పెట్టెకూ తెరిచి చూసుకునే చిన్న మూత పెట్టించి, చెయ్యి పెట్టి చూడాలి. కొత్త నమూనా అయితే ఒక్క బోటునైనా లోతు తక్కువ ఉన్న చోట నీళ్ళతో నింపి, మనుషులు పట్టుకుంటే తేలుతుందో లేదో చూడాలి. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), కార్మిక సంస్థ (ఐఎల్ఓ), సముద్రయాన సంస్థ (ఐఎంఓ) కలిసి 12 మీటర్ల లోపు డెక్ (పైన మూసిన తట్టు) ఉన్న చేపల పడవలకూ, డెక్ లేని పడవలకూ భద్రతా సూచనలు తెచ్చాయి. నీళ్ళు నిండినా పడవ తేలాలన్నది అందులో ఉన్నదే, నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

తెలిసినవాళ్ళు దూరంగా కూడా లేరు. రాయపురంలోనే చేపల వేట, పడవల పని నేర్పే కేంద్ర ప్రభుత్వపు సిఫ్‌నెట్ శిక్షణ కేంద్రం ఉంది. ఐఐటీ మద్రాసులో సముద్ర ఇంజనీరింగ్ విభాగం ఉంది. చిన్న పడవల నమూనాల మీద ఎంతో పని చేసిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ 1979లో ఈ ఊళ్ళోనే మొదలైంది, దాని ఆఫీసు ఇప్పటికీ ఇక్కడే ఉంది. వీళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, ముప్ఫై అడుగుల లోపు ఫైబర్ బోట్లలో ట్యాంకు ఎక్కడ పెట్టవచ్చు, ఏ సీటు ముట్టుకోకూడదు అని బొమ్మలతో నాలుగు పేజీలు చేయించండి. తమిళంలోనూ తెలుగులోనూ వెయ్యండి. మేస్త్రీలకూ వెల్డర్లకూ ఒక రోజు నేర్పించండి. ఎలా చేయాలో తెలిస్తే మేం అలాగే చేస్తాం. తప్పుగా చేయాలని ఏ మేస్త్రికీ ఉండదు, తన చేత్తో కోసిన బోటులో తన వాళ్ళే వెళ్తారు.

యజమానుల సంఘాల పెద్దలకు ఒక మాట. అన్నా, పరీక్ష అనగానే ఇంకో కాగితం, ఇంకో ఆఫీసు, ఇంకో ఖర్చు అన్న భయం మీకు ఉంటుందని తెలుసు. అందుకే జరిమానా వద్దని మొదటే రాశాను. ఇప్పటికే మార్చేసిన బోట్లను పట్టుకుని లైసెన్సు ఆపితే, రేపటి నుంచి మార్పులన్నీ రాత్రిపూట, రేవుకు దూరంగా జరుగుతాయి. ఈ విషయంలో నేను మీ పక్షమే. కానీ పరీక్షలో ఫోమ్ పోయిందని తేలితే దాన్ని నింపించాకే బోటు పంపాలి, అందులో మాత్రం మొహమాటం పనికిరాదు. ఫోమ్ మార్చే ఖర్చు ఒక్క రోజు వేట పోయిన నష్టం కన్నా పెద్దదేమీ కాదు. దానికి శాఖ కొంత సాయం చేయగలిగితే ఇంకా మంచిది. ఇంజన్లకూ వలలకూ పథకాలున్నాయి, తేలించే ఫోమ్‌కు కూడా ఒక చిన్న పద్దు పెట్టమని నా విన్నపం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు పెద్ద బోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో మీ అధికారులు రేవుకు వచ్చి బోట్లు తనిఖీ చేస్తారు. ఫైబర్ బోట్లకు ఆ నిషేధం లేదు, అవి తిరుగుతూనే ఉంటాయి. అయినా రేవులో రద్దీ తక్కువగా ఉండేది, అధికారులు అందుబాటులో ఉండేది అప్పుడే. ఆ రెండు నెలల్లో వారానికి ఒక పూట ఫైబర్ బోట్లకు కేటాయించండి. ఒక టేపు, పది ఇసుక సంచులు, సంగతి తెలిసిన ఒక మనిషి ఉంటే మొదలుపెట్టవచ్చు. సీట్లు విప్పి చూపించడానికి, కొలతలు పట్టడానికి నేనూ, నాతో పనిచేసే కుర్రాళ్ళూ వస్తాం. కూలి అడగం.

ఇట్లు,
కాశిమేడు రేవులో ఫైబర్ పనిచేసే ఒక మేస్త్రి